నిలబడి అడిగిన అవ్వ

మొన్న ఆదివారం ఆరాధన అయిపోయాక కొత్తగా వచ్చిన పాస్టరుగారు నన్ను గుడి మెట్ల దగ్గర ఆపారు. మంచివాడు, నా మనవడి వయసుంటుంది. "అమ్మగారూ, ఏమీ అనుకోకండి. ప్రార్థన ముగించేటప్పుడు మీరు 'నీ చిత్తమైతే' అనడం మరిచిపోతున్నారు," అన్నారు. మరిచిపోలేదు బాబూ, మానేశాను అన్నాను. ఆయన మొహం చూస్తే జాలేసింది. ఆ మాట నాచేత మాన్పించింది అక్షరం ముక్క రాని ఒక ముసలావిడ అనీ, ఆమె పోయి చాలా ఏళ్లయిందనీ చెబితే ఏమనుకునేవారో. మెట్ల మీద నిలబడి చెప్పే సంగతి కాదది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

డెబ్బైల్లో పాస్టరైన మా ఆయనకు హసన్‌పర్తి అవతల ఒక చిన్న సంఘం అప్పగించారు. నేను డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో పుట్టి, మిషన్ హాస్టల్లో చదువుకున్న పిల్లని. ప్రార్థన ఎలా చేయాలో మాకు అక్కడ పాఠంలా నేర్పారు. మొదట స్తుతి, తర్వాత పాపాల ఒప్పుకోలు, ఆ తర్వాత విన్నపాలు, చివర నీ చిత్తమైతే. నా ప్రార్థనకు మంచి పేరుండేది. అమ్మగారు ప్రార్థన చేస్తే పుస్తకం చదివినట్టే ఉంటుందని సంఘంలో అనేవాళ్లు. అది పొగడ్త అనుకుని మురిసిపోయేదాన్ని.

అవ్వకు పేరు లేకపోలేదు. బాప్తిస్మం నాడు పెట్టిన పేరు సంఘం రిజిస్టర్లో ఉండేది. ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, పిలిచినా ఆమె పలికేది కాదు. అందరికీ అవ్వే. నాట్లు వేసీ కలుపు తీసీ నడుము కొంచెం వంగింది గానీ నడక మాత్రం గబగబా ఉండేది. నోట్లో ఎప్పుడూ చుట్ట. గుడికి వచ్చినప్పుడు దాన్ని ఆర్పి, బయట గోడ పగుల్లో దోపి లోపలికి వచ్చేది. ఆరాధన కాగానే అదే పగుల్లోంచి తీసి వెలిగించుకుంటూ పోయేది. మా ఆయన ఒకసారి చుట్ట మానమని చెప్పబోతే, "బయటనే పెట్టి వచ్చిన గదా అయ్యగారూ," అంది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మా సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేస్తారు. వేస్తూ ఒక మాట ప్రార్థన చేసుకుంటారు. వారం తిరిగేసరికి పోగైన బియ్యం గుడికి చేరుతుంది. మా ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం తెచ్చే పని అవ్వది. కొత్తలో, ఇళ్లు పరిచయమవుతాయని, ఒక శనివారం నేనూ ఆమె వెంట వెళ్లాను. ఒక ఇంట్లో ఆమె కుండలో చెయ్యి పెట్టి, ఉన్న బియ్యమంతా దోసిట్లోకి తీసి చూసి, తిరిగి కుండలోనే పోసేసింది. పైగా తన సంచిలోంచి మూడు దోసిళ్లు అందులో పోసింది. బయటికొచ్చాక ఎందుకలా చేశావని అడిగాను.

"ఐదారు పిడికిళ్లే ఉన్నయమ్మా. అంటే వారంల ఐదారు మాట్లే పొయ్యి వెలిగిచ్చింది. ఆమె నోరు తెర్వది. కుండ చెప్తది," అంది.

అలా ఏ ఇంట్లో ఎన్ని పూటలు వండారో ఆమెకు తెలిసిపోయేది. ఆదివారం ఆ ఇళ్ల కోసం ప్రార్థన చేసేది. ఆ ప్రార్థనే నాకు గిట్టేది కాదు.

మేమంతా మోకాళ్ల మీద ఉంటే ఆమె లేచి నిలబడేది. కొంగు తలమీద కప్పుకుని, చెంగు నడుముకు బిగించి దోపేది. నాటు వేయడానికి మడిలో దిగే ఆడవాళ్లు దోపుతారే, అట్లా. మహోన్నతుడా, కృపామయుడా వంటివేమీ లేవు. "అయ్యా, నేనే," అని మొదలుపెట్టేది. "గా మూలమీది ఇంటోళ్ల పొయ్యి మల్ల ఆరింది. చూస్తానవా, లేదా. ఆయనకు పని చూపియ్యి. సోమారం కల్ల చూపియ్యి, మంగళారం గాదు." అంతవరకు చెప్పి తల ఒక పక్కకు వంచి ఊరుకునేది, అవతల ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు. ఒక్కోసారి ఆ ఊరుకోవడం ఎంతకీ అయ్యేది కాదు. చాప మీద పిల్లలు కిసుక్కుమనేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "అవ్వా, దేవునితోని అట్ల మాట్లాడుతరా? చివర నీ చిత్తమైతే అనాలె గదా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వంటవు గదమ్మా, నేనింటాన. అడుగుడు కాకముందే ఆ మాట తయారుగ వెట్టుకుంటవు. ఆయన ఇయ్యకుంటె నీకు సిన్నతనం గావొద్దని అడ్డం వెట్టుకుంటానవు."

"యేసుప్రభువు గూడ సిలువకు ముందు రాత్రి అన్నడు గదా," అన్నాను. వదులుతానా.

"అన్నడు. చెమట నెత్తురైందాక అడిగి, అప్పుడన్నడు. నీకు ఎన్నడన్న చెమటన్న పట్టిందా?"

ఆమె అన్నది అబద్ధమైతే అంత కోపం వచ్చేది కాదు.

ఆమెకు ఇదంతా నేర్పింది బైబిల్లోని అబ్రాహాము. చదువు రాదు కనుక, చిన్నప్పుడు ఎవరో సువార్తికుడు చదివితే విన్నది, తర్వాత గుడిలో పాఠాలు చదువుతుంటే విన్నది. సొదొమ పట్టణాన్ని నాశనం చేయబోతున్నానని దేవుడు చెప్పినప్పుడు, మంచివాళ్లు యాభై మంది ఉంటే ఊరిని వదిలేస్తావా అని అబ్రాహాము అడగడం, నలభై అయిదు, నలభై, ముప్పై, ఇరవై అంటూ పది దాకా రావడం, అడిగిన ప్రతిసారీ దేవుడు సరేననడం. ఈ కథ ఆమె వేళ్లు ముడుస్తూ చెప్పేది. ఆరు మాట్లు అడిగిండు అని లెక్క చూపించేది. అయితే ఆ అంకెలకంటే ఆమెకు ముఖ్యమైనది ఇంకొకటుంది.

"మా చిన్నతనంల దొర గడి ముంగట మమ్ముల నిలవడనియ్యకపోయేది," అంది ఒకసారి. "చెప్పులు చేతవట్టుకొని, వంగి, నీ బాంచెను దొరా అనాలె. మా నాయిన ఏమడిగెటందుకు పోయినా నేలకే చెప్పి వచ్చెటోడు, దొర మొకం చూడలే. గీ అబ్రాహాము నిలవడి అడిగిండు. దేవుడు వంగుమనలే, పొమ్మనలే. గా ముచ్చట విన్ననాడే అనుకున్న, ఈయన ముంగట నేను వంగ, నిలవడ్త అని."

ఆ రోజు మొదటిసారి ఆమె నిలబడటం నాకు పొగరుగా అనిపించలేదు.

అబ్రాహాము మీద ఆమెకు ఒక కోపం కూడా ఉండేది. పది దగ్గర ఎందుకు ఆపాడని. "ఇంకొక్క మాట అడిగితె ఏం పోతుండె? నేను పోయినంక అడుగుతా ఆయన్ని," అనేది. సొంత మేనమామతో తగువు పెట్టుకోవడానికి ఊరికి పోయేదానిలా చెప్పేది ఆ మాట.

మా పాపకు అప్పుడు మూడేళ్లు. వసపిట్ట. అవ్వ సంచి పట్టుకుని శనివారాలు ఆమె వెంట తిరిగేది. ఇంటికొచ్చి నా చీర ముక్క ఒకటి తలమీద వేసుకుని, నడుముకు చుట్టి, అవ్వ చేసినట్టే చేసి మమ్మల్ని నవ్వించేది. ఆ ఏడు వానలు వెనకబడ్డాక మా వైపు పిల్లలకు మెదడువాపు జ్వరం వచ్చింది. మా పాపకూ వచ్చింది. పొద్దున ఆడుకున్న పిల్ల మధ్యాహ్నానికి కళ్లు తేలేసింది. వరంగల్లు పెద్దదవాఖానకు తీసుకుపోయాం.

పిల్లల వార్డు నిండిపోయి వరండాలో కూడా మంచాలు వేశారు. మాది వరండాలో స్తంభం పక్క మంచం. మూడు రోజులు నేను కుర్చీలో కూర్చుని నాకొచ్చిన ప్రార్థనంతా చేశాను. స్తుతి, ఒప్పుకోలు, విన్నపం, చిత్తమైతే. నేను ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా మా ఆయన లేచి అవతలికి పోయేవాడు. నాకు మటుకు ఆ మాట అనకపోతే దేవుడు నొచ్చుకుంటాడని భయం. మూడోరోజు మధ్యాహ్నం అవ్వ వచ్చింది.

మంచం దగ్గర నిలబడి కొంగు దోపింది. చుట్టుపక్కల మంచాల వాళ్లు తలలు తిప్పి చూశారు.

"అయ్యా, నేనే. పిల్ల మొన్న ఎట్ల ఉరికిందో అట్లనే ఇయ్యి," అంది. తల వంచి ఆగింది. పాప కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. "ఉరకకున్న సరె. మేం ఎత్తుకొని తిరుగుతం." ఆగింది. "కండ్లు కనవడకున్న సరె. మేం చెయ్యి వట్టుకుంటం." మళ్లీ ఆగింది. "చెవులు ఇనవడకున్న సరె, మాట రాకున్న సరె. పానం ఒక్కటి ఇయ్యి, సాలు."

ఆమె దిగుతున్న ఒక్కొక్క మెట్టూ నా గుండె మీద పడింది. లేచి ఆమె చెయ్యి పట్టుకుని గుంజాను.

"ఆపవ్వా. తగ్గించకు. నా బిడ్డ నాకు మొత్తం కావాలె," అని అరిచాను. అరిచింది ఆమె మీదా, పైనున్న ఆయన మీదా, నాకే తెలియదు. నర్సు వచ్చి ఇద్దరినీ బయటికి పొమ్మంది.

అయిదో రోజు పాప కళ్లు తెరిచింది. నన్ను చూసి నవ్వింది. నీళ్లు తాగింది. మా ఆయన పక్కనే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ సంతోషంలో మాకు రెండు రోజుల దాకా తెలియలేదు. పక్క మంచం వాళ్ల చేతిలోంచి స్టీలు పళ్లెం జారి బండల మీద పడింది. వరండా అంతా ఉలిక్కిపడింది. మా పాప తన వేళ్లతో ఆడుకుంటూనే ఉంది.

చెవులు పోయాయి. ఇంటికొచ్చాక వచ్చిన మాటలు కూడా ఒక్కొక్కటే పోయాయి. తాత, బండి, కోడి, అవ్వ. వానాకాలం తిరిగొచ్చేసరికి బువ్వ అనే మాట ఒక్కటి మిగిలింది. తర్వాత అదీ పోయింది.

సిగ్గు విడిచి రాస్తున్నాను. అవ్వ ఏవి పోయినా సరేనన్నదో వాటిలోంచే రెండు పోయాయి. పిల్ల నడుస్తోంది, చూస్తోంది, బతికింది. ఆమె చివరగా వదులుకున్నవే పోయాయి. దేవుడు ఎక్కడ ఆగాడో నాకు కనబడుతూనే ఉంది. నా అరుపు ఆయనకు వినబడలేదు, ఆమె మాట వినబడింది. రాత్రీ పగలూ నా మనసులో ఇదే. ఆమెను కడుపారా తిట్టుకున్నాను. ఎసట్లో బియ్యం పోసేటప్పుడు పిడికెడు తీయడం మానేశాను. ఆమె శనివారం వచ్చి మా కుండలో చెయ్యి పెట్టి, ఖాళీగా ఉంటే మూత పెట్టి వెళ్లిపోయేది. అలా ఎన్ని శనివారాలో.

ఆమెకూ తెలుసు. గుడిలో నిలబడటం మానేసింది. అందరితో పాటు మోకాళ్ల మీద ఉండి, కొంగు మొహం మీదికి లాక్కుని, నోరు విప్పేది కాదు. అవ్వకు ఇన్నాళ్లకు భక్తి కుదిరిందని పెద్దలు మెచ్చుకున్నారు. ఒకనాడు మా వంటింటి గడప దగ్గర కూలబడి, "నేనే ఇచ్చిన బిడ్డా, నా నోటితోనే ఇచ్చిన. అబ్రాహాము పది కాడ ఎందుకాపిండో ఇప్పుడెర్కైంది. దిగుకుంట పోతె ఏడ తేల్తమో అని భయమైంది ఆయనకు," అంది. నన్ను బిడ్డా అని పిలవడం అదే మొదలు. కాదవ్వా అనాలి. అనలేదు. కూర తరుగుతూ ఉండిపోయాను. ఆమె కాసేపు కూర్చుని లేచి వెళ్లింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ రోజు తలచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆ తర్వాత కొన్ని నెలలకు సండే స్కూలు పిల్లలకు లోతు భార్య పాఠం చెప్పాల్సి వచ్చింది. ఆ సొదొమ కాలిపోతుంటే వెనక్కి తిరిగి చూసి ఉప్పు స్తంభమైపోయిన ఆవిడ. అంతకుముందు ఎన్నోసార్లు చెప్పాను, ఉప్పు స్తంభం దగ్గర ముగించి పాట పాడించేదాన్ని. అందరం అక్కడే ఆపుతాం. ఆ రోజు పాప ఒళ్లో నిద్రపోయింది. కదిలితే లేస్తుందని పుస్తకం మూయకుండా కిందికి చదువుకుంటూ పోయాను. ఉప్పు స్తంభం అయిన వెంటనే, మర్నాడు పొద్దున్నే అబ్రాహాము లేచాడని ఉంది. లేచి, ముందు తాను దేవుని ఎదుట నిలబడిన చోటికే వెళ్లాడని ఉంది. అక్కడినుంచి ఆ ఊరివైపు చూస్తే పొగ లేస్తోంది.

ఎన్నిసార్లు చదివానో. పాప లేచాక చంకనెత్తుకుని, పుస్తకం పట్టుకుని అవ్వ ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో కూర్చుని రాయితో కొడుతూ చింతపండు గింజలు తీస్తోంది. పాప పోయి గింజలు ఏరసాగింది. నేను ఆ నాలుగు మాటలు చదివాను.

ఆమె చేతిలో రాయి ఆగిపోయింది. "మల్ల సదువు," అంది. చదివాను.

"అదే జాగనా?"

"అదే జాగ అవ్వా. ముందు దినం నిలబడి అడిగిన జాగనే."

"ఊరు కాలిందని ఎర్కే. ఆయన మల్ల పోయిండని ఎవ్వలు చెప్పలే నాకు. ఏమన్నడు?"

"ఏమీ అనలేదు. నిలబడి చూసిండు."

ఆమె పాప ఏరిన గింజలు దోసిట్లోకి తీసుకుంది. తర్వాత, "మనం పోలే బిడ్డా," అంది. "పిల్లను తీస్కొని ఇంటికొచ్చినం. గా జాగకు మల్ల పోలే."

మర్నాడు మొదటి బస్సుకు ముగ్గురం వరంగల్లు పోయాం. బస్సులో ఆమె కిటికీలోంచి బయటికే చూస్తోంది. నేను ఎట్టకేలకు, "నువ్వు ఇయ్యలేదవ్వా. నీ నోట్ల మాటకు ఆయన పిల్ల చెవులు తీస్కోలేదు. నేనే పిచ్చిదాన్నై నీ మీద వేసిన," అన్నాను. ఆమె నా వైపు తిరగకుండానే నా మోకాలి మీద చెయ్యి వేసింది. హనుమకొండ దాటేదాకా ఆ చెయ్యి తీయలేదు.

వరండాలో ఆ స్తంభం, ఆ మంచం అలాగే ఉన్నాయి. మంచం మీద ఎవరి పిల్లవాడో, పక్కన వాళ్లమ్మ. ఆమె పాలంపేట దిక్కునుంచి వచ్చిందని, వాడికీ అదే జ్వరమని తర్వాత తెలిసింది. అవ్వ ముందు నిలబడిన చోటే నిలబడింది. కొంగు దోపింది.

"అయ్యా, నేనే. గా దినం ఈడ నిలవడి నేను తగ్గిచ్చిన. గా మాట నాది, పిల్లది గాదు, పిల్ల తల్లిది గాదు. మల్ల మొదటికొచ్చిన. చెవులియ్యి. మాటియ్యి." తల వంచి ఆగింది. ఇప్పుడేం వదులుతుందోనని చూస్తున్నాను. ఆమె ఏమీ వదల్లేదు. అంతే చెప్పి, జవాబు కోసం ఆగి, కొంగు విప్పుకుంది. పాప ఆమె కాళ్ల దగ్గర నిలబడి మా ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూస్తోంది. ఏం జరిగిందో దానికి తెలియదు. దాని చెవులకు ఏమీ జరగలేదు.

మంచం పక్కనున్న తల్లి లేచి అవ్వ దగ్గరికొచ్చింది. "నువ్వెవరి దేవునికి మొక్కినవో నాకెర్క లేదు పెద్దమ్మా. మా పోరనికి గూడ జర అడుగు. బతికితె సాలు," అంది.

"సాలు అనకు బిడ్డా," అంది అవ్వ. "నేనొకసారి అన్న. నువ్వనకు. నీకు ఏం గావాల్నో మొత్తం చెప్పు, నేనడుగుత."

ఆ తల్లి కొంగుతో మొహం తుడుచుకుని మొదలుపెట్టింది. లేచి కూసోవాలె అంది. బడికి పోవాలె అంది. బర్రెలెనక ఉరకాలె, చెల్లెను కొట్టాలె, నేను వాణ్ని తిట్టాలె అంది. అవ్వ ఒక్కొక్కటీ విని, ఒక్కొక్కటీ పైకి చెప్పింది. బర్రెలు కూడా విడిచిపెట్టలేదు.

అప్పుడు నేను పోయి అవ్వ పక్కన నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి నిలబడి, కళ్లు తెరిచి, నాకు కావలసింది అడిగాను. నా బిడ్డ వినాలి, నన్ను అమ్మా అని పిలవాలి. ఇంకేమీ కలపలేదు, ఏమీ తగ్గించలేదు.

అది జరిగి నలభై ఏళ్లు దాటింది. నా కూతురు నన్ను ఇంతవరకు పిలవలేదు. ఈ పొద్దున కూడా అడిగాను.